మనము ఎరుగకున్నను మనతో నున్నవాడు

(ఈ నెల వేదపాఠము)

చదువవలసిన భాగము: లూకా 24:13–35
కుటుంబ ప్రార్థనలో ధ్యానించుటకు: ఆదికాండము 28:10–17, నెహెమ్యా 2:1–8, మార్కు 5:24–34



మన ప్రభువు పరలోకమునకు ఆరోహణమగుటకు ముందు తన శిష్యులకిచ్చిన వాగ్దానము మనకందరికిని తెలిసినదే. ఈ యుగము ముగియువరకు తాను వారిని విడువక వారితో నుందునని ఆయన సెలవిచ్చెను (మత్తయి 28:20). మన పిల్లలు సైతము సండేస్కూలులో దీనిని కంఠస్థము చేయుదురు. అయితే కంఠములో నున్న మాట వేరు, బ్రతుకులో నిలిచిన మాట వేరు. ఆదివారము గుడిలో కూర్చుండి, ప్రభువు మన మధ్య నున్నాడని నమ్ముట సులభము. సోమవారము నాట్లలో నడుము వంచినప్పుడు, సంతలో బేరమాడునప్పుడు, అప్పిచ్చినవాడు వాకిట నిలిచి కేకలు వేయునప్పుడు, అదే ప్రభువు అక్కడను ఉన్నాడని జ్ఞాపకముంచుకొనుట కష్టము.

ఇదిగాక, మనలో అనేకులకు పట్నము వెళ్ళవలసిన అక్కర కలుగుచుండును. హైదరాబాదులోని నయాపూలును ఎరుగని పల్లెవారు కొద్దిమందియే. మూసీ నదికి ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణపు గట్టున హైకోర్టు. వాటి నడుమ ఆ వంతెన. రోగము గలవాడు ఒక దరికి, వ్యాజ్యము గలవాడు మరియొక దరికి పోవును. బస్సుల హారనులు, ఆటోల రొద, తోపుడుబండ్లవారి కేకలు, పరుగెత్తు జనము. చేతిలో చీటీ, చంకలో బట్టల మూట, గుండెలో దిగులు. అట్టి చోట ప్రార్థన చేయుట ఎట్లు? ప్రభువు సన్నిధిని మన ఊరి గుడిలోనే విడిచి వచ్చితిమా? ఈ నెల మనము నేర్చుకొనవలసిన సంగతి ఇదియే.

1. సన్నిధి మన ప్రార్థనవలన పుట్టునది కాదు

ఎమ్మాయు మార్గమున నడచిన ఆ ఇద్దరు శిష్యులను చూడుడి. యెరూషలేమునుండి ఆ గ్రామము ఆమడ దూరము. త్రోవ పొడుగునను వారు యేసును గూర్చియే మాటలాడుకొనుచుండిరి. ఆయన సిలువను, సమాధిని, స్త్రీలు తెచ్చిన వార్తను చెప్పుకొనుచుండిరి. అయినను ఆ యేసే ప్రక్కన నడచుచుండగా ఆయనను గుర్తుపట్టలేకపోయిరి. క్రీస్తును గూర్చి మాటలాడుటయు, క్రీస్తు తోడున్నాడని ఎరుగుటయు ఒకటి కాదని దీనివలన తెలిసికొందుము. బోధకులమైన మేము ఈ సంగతిని మరి యెక్కువగా జ్ఞాపకముంచుకొనవలెను.

మరియొకటి గమనించుడి. వారు గుర్తుపట్టినందున ఆయన వచ్చియుండలేదు. ఆయన ముందుగనే వచ్చియున్నందున వారు పిమ్మట గుర్తుపట్టగలిగిరి. వారు ఆయనను పిలువనే లేదు. ముఖములు చిన్నబుచ్చుకొని, ఆశ విడిచి, ఊరు వదలి పోవుచున్నవారి యొద్దకు ఆయనే నడచి వచ్చెను.

యాకోబునకు కలిగిన అనుభవమును అట్టిదే. అతడు అన్నను మోసగించి పారిపోవుచు, ప్రొద్దు గ్రుంకినందున త్రోవలో ఒక రాయి తలక్రింద పెట్టుకొని పండుకొనెను. అక్కడ గుడి లేదు, బలిపీఠము లేదు. నిద్ర మేల్కొని, దేవుడు ఈ స్థలమందున్నాడు, నాకది తెలియకపోయెనే అని భయపడెను. అతనికి తెలియకున్న గడియలలో సహితము దేవుడు అక్కడనే యుండెను.

ఈ సత్యమునకు నయాపూలు దగ్గరనే ఒక సాక్షి నిలిచియున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి నగరమును ముంచెత్తెను. సుమారు 15,000 మంది చనిపోయిరి. ఆ దినమున, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు నేటికిని ఉన్నది.

ప్రియులారా, ఆ చెట్టు వరదనాడు మొలిచినది కాదు. అంతకు ముందు ఎన్నో ఏండ్లుగా అది అక్కడనే యుండెను. దాని నీడను నడచినవారు, దాని కాయలు ఏరుకొనినవారు ఎందరో యుందురు. నీళ్ళు మెడవరకు వచ్చిన దినమున వారు చెట్టును క్రొత్తగా పుట్టించలేదు. ఉన్న చెట్టును పట్టుకొనిరి. ప్రార్థన అనగా ఇదియే. మనము ప్రార్థించుటచేత ప్రభువు దూరమునుండి దిగి వచ్చుట లేదు. దగ్గరనున్న ప్రభువును మనము పట్టుకొనుచున్నాము. అయితే వరద వచ్చువరకు ఎందుకు ఆగవలెను? ఎండ కాయు దినములలోనే ఆ నీడను ఎరిగినవాడు ధన్యుడు.

2. ఒక్క ఊపిరిలో చేయదగిన ప్రార్థన కలదు

ప్రార్థన అనగానే మోకాళ్ళూనుట, కన్నులు మూసికొనుట, చాలసేపు మాటలాడుట అని తలంచుదుము. అది మంచిదే. కాని ప్రార్థన అంతమాత్రమే కాదు. లేఖనములో మూడు దృష్టాంతములు చూడుడి.

నెహెమ్యా రాజునకు ద్రాక్షారసపు గిన్నె అందించువాడు. నీ ముఖమెందుకు విచారముగా నున్నదని రాజైన అర్తహషస్త అడిగెను. నీ మనవి యేమనియు అడిగెను. రాజు ప్రశ్నకును నెహెమ్యా ప్రత్యుత్తరమునకును నడుమ ఎంత సమయముండును? రెప్పపాటే. ఆ రెప్పపాటులో అతడు ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేసెనని వ్రాయబడియున్నది. ప్రక్కనున్నవారికి అది వినబడలేదు. రాజునకు సహితము తెలియలేదు. దేవునికి తెలిసెను.

పేతురు నీటిమీద మునిగిపోవుచు వేసిన కేక మన తెలుగు బైబిలులో మూడే మాటలు (మత్తయి 14:30). నాలుగవ మాట పలుకుటకు అతనికి వ్యవధి లేదు. ప్రభువు నాలుగవ మాట కొరకు కనిపెట్టలేదు. వెంటనే చెయ్యి చాపెను.

పండ్రెండేండ్లు రక్తస్రావముగల ఆ స్త్రీయైతే నోరు తెరవనే లేదు. వైద్యులయొద్ద తనకు కలిగినదంతయు ఖర్చుచేసి, మేలు పొందక, జనసమూహములో వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రమును ముట్టెను. ఆసుపత్రుల వెంట తిరిగి భూమిని, బంగారమును పోగొట్టుకొనినవారు మనలోనున్నారు; వారికి ఈ స్త్రీ పరాయిది కాదు. ఆ దినమున అందరు ఆయనను త్రోయుచుండిరి; విశ్వాసముతో ముట్టినది ఆమె యొక్కతే. నన్ను ముట్టినదెవరని ఆయన నిలిచి అడిగెను. అంత గుంపులోను, గుంపు త్రోపిడికిని విశ్వాసపు స్పర్శకును గల భేదమును ప్రభువు ఎరుగును. కాబట్టి నయాపూలు జనసమ్మర్దములో మీరు మనస్సులో ఎత్తిన ఒక్క మాట ఆయనకు అందదని తలంచకుడి.

నయాపూలుకు సమీపమున, మూసీ ఒడ్డుననే, సాలార్‌జంగు మ్యూజియము కలదు. అందులోని సంగీత గడియారమును మీలో కొందరు చూచియుందురు. గంట అయ్యే వేళకు ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టును. అది చూచుటకు జనులు గుంపులుగా కూడుదురు. గంట మ్రోగిన తరువాత లేచి పోవుదురు. కాని అదే గడియారములో మరియొక బొమ్మ కలదు. అది కమ్మరివానివలె క్షణక్షణమునకు సుత్తె వేయుచుండును. దాని కొరకు ఎవరును కూడిరారు. అయినను ఆ క్షణములన్నియు గడువకుండ గంట మ్రోగునా? ఆదివారపు ఆరాధన గంటవంటిది; వారమంతయు మనము చేయు చిన్న ప్రార్థనలు ఆ సుత్తె దెబ్బలవంటివి. గంటకు మాత్రమే వచ్చి పోవు క్రైస్తవులమై యుండకుందుము గాక.

అయితే ఒక హెచ్చరిక. చిన్న ప్రార్థనను మంత్రమువలె వాడరాదు. ఒకే మాటను అనేకసారులు పలికినంత మాత్రమున అది ఫలించునని తలంచువారివలె ఉండవద్దని ప్రభువే చెప్పెను (మత్తయి 6:7). లెక్క ముఖ్యము కాదు. ఎవరితో మాటలాడుచున్నామో ఆ ఎరుక ముఖ్యము.

3. చిన్న ప్రార్థన వెనుక పెద్ద ప్రార్థన ఉండవలెను

నెహెమ్యా రెప్పపాటులో ప్రార్థించెనంటిమి. కాని మొదటి అధ్యాయము చదువుడి. కిస్లేవు మాసములో అతడు యెరూషలేము వార్త విని, కూర్చుండి యేడ్చి, ఉపవాసముండి ప్రార్థించెను. రాజు ఎదుట నిలిచినది నీసాను మాసములో. నడుమ సుమారు నాలుగు నెలలు గడచెను. నాలుగు నెలల ప్రార్థన వెనుకనున్నందున ఆ ఒక్క క్షణపు ప్రార్థన అతని నోటికి సిద్ధముగా వచ్చెను.

మూసీ వరద తరువాత నైజాము ప్రభుత్వమువారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి ఆలోచన అడిగిరి. పిమ్మట నగరమునకు ఎగువన రెండు పెద్ద జలాశయములు కట్టబడెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియాయెను. అవి వరదను అడ్డుటకును, నగరమునకు త్రాగునీరిచ్చుటకును కట్టినవి. ఇంటిలోని కొళాయి సన్నని ధారగా కారును; చెరువు నిండియున్నంతవరకే ఆ ధార. ఉదయమున దేవుని సన్నిధిలో గడిపిన అరగంట ఆ చెరువువంటిది. పగలు పనిలో ఎత్తు చిన్న ప్రార్థన కొళాయి ధారవంటిది. చెరువు ఎండిపోయిన తరువాత కొళాయి త్రిప్పి ప్రయోజనమేమి?

మన ప్రభువు కపెర్నహూములో ప్రొద్దుపోవువరకు రోగులను స్వస్థపరచి, మరునాడు ఇంకను చీకటి యుండగనే లేచి అరణ్యప్రదేశమునకు వెళ్ళి ప్రార్థన చేసెను (మార్కు 1:32–35). ఆయనకే అది అవసరమైతే మనకు అవసరము లేదా?

4. సన్నిధి పనిచేయు చోటనే దొరకును

17వ శతాబ్దములో ఫ్రాన్సు దేశమందు పారిసు పట్టణపు మఠములో సహోదరుడు లారెన్సు అను నొకడుండెను. యౌవనమున సిపాయిగా నుండి గాయపడి కుంటివాడాయెను. మఠములో అతనికి వంటపని ఇచ్చిరి; అది అతనికి స్వభావసిద్ధముగా ఇష్టము లేని పని. తరువాత చెప్పులు బాగుచేయు పనిలో పెట్టిరి. అతడు ఆ వంటింటిలోను, ఆ చెప్పుల మధ్యను, దేవునితో ఎడతెగక మాటలాడుట నేర్చుకొనెను. అతడు 1691లో మరణించెను. అతని సంభాషణలును ఉత్తరములును మరణానంతరము అచ్చుపడి, రోమను సంఘమువారినే గాక ప్రొటెస్టంటు విశ్వాసులను సహితము అనేకులను బలపరచినవి. మొదటి పది సంవత్సరములు తాను మిక్కిలి శ్రమపడితినని అతడు వ్రాసెను. కాబట్టి పది దినములు ప్రయత్నించి, నావలన కాదని విడిచిపెట్టుట మనకు తగదు.

దూరదేశపు మాట ఎందుకు? మన తెలుగు సంఘముల పునాదులలోనే ఇట్టివారున్నారు. ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వర్తకుడు. మొదట యోగసాధనచేత దేవుని వెదకినవాడు. తోళ్ళ బేరము మీద ఊరూరు తిరుగుచు క్రీస్తును గూర్చి విని, ఒంగోలు మిషనరీయైన క్లౌ దొరగారి కాలమున బాప్తిస్మము పొందెను. ఏ త్రోవలలో తోళ్ళ కొరకు నడచెనో ఆ త్రోవలలోనే సువార్త చెప్పుచు నడచెను. క్లౌ దొరసానిగారు ఆ ప్రాంతపు మాదిగ విశ్వాసులను గూర్చి 1899లో ప్రచురించిన ఇంగ్లీషు గ్రంథమునకు "చెప్పులు కుట్టుచుండగా" అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఎంత చక్కని పేరు! లోకము తక్కువగా చూచిన పని, ఊరివారు గడప దాటనియ్యని మనుష్యులు. అక్కడ ప్రభువు వారి ప్రక్కన కూర్చుండెను. కావున మీ పని ఎంత చిన్నదైనను సిగ్గుపడకుడి. ఉపాధి హామీ పనిలో తట్ట మోయునప్పుడు, బర్రెలు కాయునప్పుడు, పత్తి ఏరునప్పుడు, ఆయన అక్కడనే యున్నాడు.

సన్నిధి ఓదార్పు మాత్రమే కాదు. అది హద్దు కూడ. తక్కెడ పట్టిన చేతిని ఆయన చూచుచున్నాడు. కోర్టు బోనులో నిలిచి, బంధువు కొరకు అబద్ధసాక్ష్యము పలుకబోవు నోటిని ఆయన వినుచున్నాడు. యోసేపును చూచుటకు ఆ ఇంటిలో ఎవరును లేనప్పుడు, దేవునికి విరోధముగా ఎట్లు పాపము చేయుదునని అతడు పారిపోయెను. ప్రభువు తోడు కావలెననియు, ప్రభువు చూడరాదనియు ఒకేసారి కోరుట కుదరదు.

5. సన్నిధి అనుభవమునకు రానప్పుడు

ఒకప్పుడు కుమారుని ఆసుపత్రిలో చేర్చిన ఒక వృద్ధురాలు నాతో ఇట్లనెను: "అయ్యగారూ, ఇంటికాడ ప్రార్థన చేస్తే దేవుడు దగ్గరున్నట్టే ఉంటది. ఈడికొచ్చినంక నోరు పెగుల్తలేదు. ఆయన ఏడున్నడో తెలుస్తలేదు." నేను, "అమ్మా, ఇప్పుడు అన్నదే ఆయనతో అనుము. అదే ప్రార్థన" అని చెప్పితిని. కీర్తనలలో ఎన్నియో ఇట్టి మొరలే గదా! దేవా, ఎంతకాలము? ఎందుకు దూరముగా నున్నావు? అని భక్తులు అడిగిరి. వారు ఆ ప్రశ్నను దేవుని గూర్చి ఇరుగుపొరుగువారితో చెప్పుకొనలేదు, దేవునితోనే చెప్పిరి. ఏడున్నావని ఆయననే అడుగువాడు ఆయన యెదుటనే నిలిచియున్నాడు. మాటలు రానప్పుడు ఆత్మ తానే మూలుగులతో మన పక్షమున విజ్ఞాపనము చేయునని పౌలు వ్రాసెను (రోమా 8:26).

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న కలదు. చింతచెట్టు ఎక్కినవారితో దేవుడుండి, కొట్టుకొనిపోయినవారిని ఆయన విడిచెనా? ఆసుపత్రినుండి నడచి వచ్చినవాని ప్రార్థన వినబడి, శవమై వచ్చినవాని ఇంటివారి ప్రార్థన వినబడలేదా? అట్లనుటకు మనకు అధికారము లేదు. సన్నిధి అనగా ఆపద రాదను పూచీకత్తు కాదు. జలములలో దాటునప్పుడు తోడైయుందునని దేవుడు యెషయా ద్వారా చెప్పెను (43:2). జలములే యుండవని చెప్పలేదు. మన ప్రభువు సిలువమీద చెయ్యి విడువబడినవానివలె మొరపెట్టెను. ఆ మొరలోను, నా దేవా అనుట మానలేదు. మరణమైనను క్రీస్తు ప్రేమనుండి మనలను ఎడబాపనేరదు (రోమా 8:38–39). బ్రతికినవారిని ఎత్తిన హస్తమే, చనిపోయిన విశ్వాసిని చేర్చుకొనిన హస్తము. కాబట్టి బిడ్డను పోగొట్టుకొనిన తల్లితో, నీ ప్రార్థన చాలలేదని ఎవడును అనకూడదు. అట్టి మాట సంఘములో వినబడకుండును గాక.

6. ఈ నెల చేయవలసిన అభ్యాసము

వినుట చాలదు, చేయవలెను. మీకు అలవాటైన పనులలో మూడింటిని ఏర్పరచుకొనుడి. ఆ పని వచ్చినప్పుడెల్ల ఒక్క మాట ప్రభువుతో చెప్పుడి.

ఉదయమున వాకిలి ఊడ్చునప్పుడు: ప్రభువా, ఈ దినము నీది.

పొయ్యి వెలిగించునప్పుడు: నా హృదయము చల్లారనీయకుము.

విత్తనము చేత పట్టినప్పుడు: నేను విత్తుదును, నీవు మొలిపించుము.

సెల్లుఫోను మ్రోగినప్పుడు, ఎత్తుటకు ముందు: నా నోటికి కావలి యుంచుము.

బస్సెక్కునప్పుడు: నాతో కూడ రమ్ము, కాదు, నీతో నన్ను తీసికొనిపొమ్ము.

ఆసుపత్రి వరుసలోనో, రేషను దుకాణపు వరుసలోనో నిలిచినప్పుడు మీ ముందరివాని కొరకు ఒక మాట, వెనుకవాని కొరకు ఒక మాట చెప్పుడి. వారి పేరు మీకు తెలియనక్కరలేదు. వారు ఏ మతస్థులైనను, ఏ కులస్థులైనను సరే. అప్పుడు ఆ వరుస మీకు విసుగుగా నుండదు. అదియే మీ ప్రార్థన గదియగును.

మరచిపోయిన దినమున నిరాశపడకుడి. మరచితినని జ్ఞాపకము వచ్చినదే! ఆ జ్ఞాపకమును ఎవరు కలిగించిరి? ఆయనే. అక్కడనుండి మరల మొదలుపెట్టుడి. రాత్రి పండుకొనుటకు ముందు కుటుంబముతో కూడి, ఈ దినమున ప్రభువు ఏ చోట మన ప్రక్కన నడచెనో, మనము గుర్తుపట్టక పోయితిమో ఒకరితో నొకరు చెప్పుకొనుడి. ఎమ్మాయు శిష్యులు సహితము రొట్టె విరిచిన పిమ్మటనే గదా, త్రోవలో మన హృదయము మండలేదా అని వెనుకటి సంగతి తలంచుకొనిరి.

కూటములో చర్చించుటకు ప్రశ్నలు

1. ఎమ్మాయు శిష్యులు త్రోవలో యేసును ఎందుకు గుర్తుపట్టలేదు? మనకు అడ్డుపడునవి ఏవి?

2. నెహెమ్యా చేసిన దీర్ఘ ప్రార్థనకును, క్షణపు ప్రార్థనకును గల సంబంధమేమి?

3. ప్రభువు చూచుచున్నాడను ఎరుకవలన మన క్రయవిక్రయములలోను, సాక్ష్యములోను ఏమి మార్పు రావలెను?

4. మన సంఘములోనుండి ఎవరైనను పట్నపు ఆసుపత్రికి పోయినప్పుడు, ప్రభువు సన్నిధికి గురుతుగా మనము వారికి చేయగలిగినదేమి? భోజనమా, తోడుండుటయా, ప్రయాణపు ఖర్చా? పెద్దలు ఈ నెల కూటములో దీనిని తీర్మానించుడి.

ప్రార్థన

మాతో నడచు ప్రభువా, మేము నిన్ను పిలువకముందే నీవు మాయొద్దకు వచ్చితివి. మా కన్నులు మూయబడియున్నవి, వాటిని తెరువుము. పొలములోను, సంతలోను, వంతెనమీదను, ఆసుపత్రి వరండాలోను నీవే మాకు తోడని జ్ఞాపకము చేయుము. ఈ దినమున నీ సన్నిధి తెలియక ఏడ్చుచున్నవారి ప్రక్కన కూర్చుండుము. మమ్మును వారియొద్దకు పంపుము. మా శుభదినములలోనే నిన్ను ఎరుగుట నేర్పి, వరద దినమున నిన్ను పట్టుకొనుటకు బలమిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.